మెదడు ధమనులను చూడనేర్చిన చరిత్ర

"పక్షవాతము" అను మాట వినని తెలుగువారు ఉండరు. పక్షమనగా ప్రక్క. శరీరములో ఒక ప్రక్క పనిచేయకుండ పోవుటవలన జబ్బుకు ఆ పేరు వచ్చినది. కడప జిల్లాలో సింహాద్రిపురము, పులివెందుల వైపు పల్లెలలో "కాలూ చెయ్యీ పడిపోయినవి", "మాట పడిపోయినది" అని చెప్పుకొందురు. పడిపోయినది కాలు, చెయ్యి అయినను జబ్బు అక్కడ లేదు, మెదడులో ఉన్నది. ఇంకను లోతుకు పోయి చూచినచో, అది మొదలైనది మెదడులో గూడ కాదు, మెదడుకు నెత్తురు తెచ్చు ధమనులలో. ఆ ధమనులలోనైనను, పెక్కుమందిలో, అసలు దోషము వాని గోడలలో ఉన్నది. ఒక్కొక్క మెట్టే దిగి ఈ చోటును బ్రతికియున్న మనిషిలో కంటితో చూచుటకు వైద్యశాస్త్రమునకు సుమారు 350 ఏండ్లు పట్టినది. ఆ చరిత్ర ఎట్లు నడచినదో, దానివలన మనకు కలిగిన లాభమేమో ఇక్కడ తెలిసికొందము.

చీనీ తోట, నీటి గొట్టము

మన మెదడు శరీరపు బరువులో నూటికి 2 వంతులు మాత్రమే. అయినను శరీరము వాడుకొను ప్రాణవాయువులో సుమారు 20 వంతులు దానికే కావలెను. నిలువ చేసికొను శక్తి దానికి లేదు. నెత్తురు ఆగిన కొద్ది నిమిషములలోనే దాని కణములు చావనారంభించును. ఈ నెత్తురును తెచ్చునవి నాలుగు ధమనులు. మెడలో ముందువైపు రెండు కంఠధమనులు, వెనుక వెన్నుపూసల సందులగుండ ఎక్కివచ్చు రెండు ధమనులు. పుర్రెలోపల ఇవి ఒక వలయముగా కలియును. ఆ వలయమునుండి సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పుగల ధమనులు బయలుదేరును. వానినుండి పుట్టిన వెండ్రుకలవంటి సన్నని కొమ్మలు మెదడు లోతునకు దిగును. ఆ సన్నకొమ్మలలో చాలవాని వెడల్పు అర మిల్లీమీటరైనను ఉండదు.

సింహాద్రిపురము ప్రాంతమున చీనీ తోటలకు బిందుసేద్యము వాడు రైతునకు ఈ ఏర్పాటు సులభముగా బోధపడును. పెద్ద గొట్టమునుండి సన్న గొట్టములు, సన్న గొట్టములనుండి చెట్టు మొదట చుక్క చుక్కగా నీరు విడుచు చిన్న రంధ్రములు. ఒక చెట్టు ఎండినచో రైతు మూడు కారణములను వెదకును. పైనుండి నీటితో కొట్టుకొనివచ్చిన చెత్త ఏదైన అడ్డుపడియుండవచ్చును. ఉప్పునీటివలన గొట్టము లోపల పొరలు కట్టి దారి ఇరుకై యుండవచ్చును. లేదా, గొట్టములో నీరు చక్కగా పారుచునే ఉన్నను, గోడకు కట్టిన పొర ఆ ఒక్క రంధ్రపు మూతిని మూసియుండవచ్చును. మెదడు ధమనులలోను సరిగా ఈ మూడు విధములు కలవు. మూడవదానిని గుర్తుంచుకొనుడు. వైద్యులను ఎక్కువకాలము మోసగించినది అదియే.

పోలికకు ఒక హద్దున్నది. గొట్టములో ఉప్పు లోపలి ముఖముమీద పేరుకొనును. ధమనిలో కొవ్వు, కణములు, నారపదార్థము, సున్నము గోడ లోపలి పొర క్రింద చేరి, ఏటిలో ఇసుక మేట వేసినట్లు మేట వేయును. దీనినే వైద్యులు "ప్లాక్" అందురు. కనుక అది గోడలోని జబ్బు. ఈ మేట పగిలినచో దానిమీద నెత్తుటి గడ్డ కట్టి దారి మూసుకొనును.

చనిపోయినవారిలో చూచిన గోడ

మొదట ఈ విషయమును శవపరీక్షలే చెప్పినవి. 1658లో స్విట్జర్లాండు వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ హఠాత్తుగా పడిపోయి చనిపోయినవారి తలలను పరీక్షించి, ఆ జబ్బునకు మెదడులోని రక్తనాళములతో సంబంధమున్నదని చూపినాడు. 1664లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ మెదడు నిర్మాణముపై తన గ్రంథమును ప్రకటించినాడు. అందలి బొమ్మలలో కొన్నింటిని గీసినవాడు లండనులోని సెయింట్ పాల్ దేవాలయమును కట్టిన శిల్పి క్రిస్టొఫర్ రెన్. ధమనులలోనికి రంగుద్రవమును ఎక్కించి అవి వలయముగా కలిసియున్నట్లు విల్లిస్ చూపినాడు. నేటికిని దానిని విల్లిస్ వలయమనియే పిలుచుచున్నాము.

విల్లిస్ చూచిన ఒక శవములో కుడి కంఠధమని పూర్తిగా మూసుకొనిపోయి యున్నది. అయినను ఆ మనిషికి బ్రతికియున్నపుడు పక్షవాతము రాలేదు. కారణమేమన, అదేవైపు వెన్నుపూసల ధమని లావెక్కి, వలయము ద్వారా ఆ లోటును తీర్చుచుండెను. ఒక దారి మూసుకొనినంతమాత్రమున మెదడు ఎండదని అప్పుడే తేలినది. కాని బ్రతికియున్న రోగిలో ఏ దారి మూసుకొన్నదో చూచు ఉపాయము మాత్రము తరువాత 260 ఏండ్లకుగాని దొరకలేదు.

బ్రతికియున్నవారిలో చూచిన దారి

1895 నవంబరు 8న జర్మనీలో రంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొన్నాడు. ఆ కిరణములకు ఎముక కనబడును, నెత్తురు కనబడదు. పరమాణువు బరువైన కొలది అది ఎక్స్ కిరణములను ఎక్కువగా ఆపును. ఎముకలోని కాల్షియము పరమాణుసంఖ్య 20. నెత్తురులో ఎక్కువగా నున్న ఆక్సిజన్ సంఖ్య 8 మాత్రమే. కనుక నెత్తురు కనబడవలెనన్న దానిలో బరువైన పదార్థము నొకదానిని కలుపవలెను. 1896 జనవరిలోనే వియన్నాలో హాషెక్, లిండెన్‌తాల్ అనువారు తెగిన చేతి రక్తనాళములలోనికి సున్నము, ఇంగిలీకము కలిసిన ముద్దను ఎక్కించి చిత్రము తీసినారు. అది శవపు చేయి కనుక సరిపోయినది. బ్రతికియున్నవాని నెత్తురులోనికి ఇంగిలీకము ఎక్కించుట ఎట్లు?

కడప సీమలో దొరకు ముగ్గురాయి ఇక్కడ జ్ఞప్తికి రావలెను. ముగ్గురాయి అనగా బేరియం సల్ఫేటు. పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట నిక్షేపము ప్రపంచములోని పెద్దవానిలో ఒకటి. బేరియము సంఖ్య 56. శుద్ధిచేసిన బేరియం సల్ఫేటును త్రాగించి అన్నకోశమును, ప్రేగులను ఎక్స్ కిరణములతో చూచుట నేటికిని వాడుకలో ఉన్నది. అది నీటిలో కరగదు కనుకనే కడుపునకు హాని చేయదు. ఆ కారణముచేతనే దానిని నెత్తురులోనికి ఎక్కించరాదు. కరగని పొడి సన్ననాళములను తానే మూసివేయును. కనుక కావలసినది బరువైనదియు, కరగునదియు, విషము కానిదియు నగు పదార్థము.

దానికై వెదకినవాడు పోర్చుగల్ దేశపు వైద్యుడు ఎగాస్ మోనిజ్. మొదట స్ట్రాన్షియం బ్రోమైడు వాడగా ఒక రోగి చనిపోయినాడు. తరువాత అయొడీనును తీసికొన్నాడు. దాని సంఖ్య 53. గౌట్ అను కీళ్లజబ్బువలన మోనిజ్ చేతులు వంకరపోయి యున్నందున, సూది వేయు పనిని అల్మేదా లిమా అను యువవైద్యుడు చేసెడివాడు. మెడ కోసి కంఠధమనిని బయటికి తెచ్చి అందులోనికి సోడియం అయొడైడు ద్రవమును ఎక్కించి, 1927 జూన్ 28న లిస్బన్ నగరములో వారు బ్రతికియున్న మనిషి మెదడు ధమనులను మొదటిసారి చక్కగా చిత్రములో పట్టినారు. వారు వెదకినది కంతులను. కాని 1937 నాటికి మూసుకొనిపోయిన కంఠధమనిని గూడ అదే విధముగా చూపగలిగినారు. మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమానము వచ్చినది ఈ పనికి కాదు. మతిభ్రమకు మెదడును కోయు చికిత్సకు. ఆ చికిత్సను లోకము తరువాత వదలివేసినది. ఈ చిత్రణము మాత్రము నిలిచినది.

ఈ దారిలో ఒక పెద్ద పొరపాటు గూడ జరిగినది. 1930 ప్రాంతమున థోరియం ఆక్సైడు కలిసిన థోరోట్రాస్ట్ అను ద్రవము వాడుకలోనికి వచ్చినది. థోరియము సంఖ్య 90. చిత్రము అద్భుతముగా వచ్చెడిది. రోగికి అప్పటికప్పుడు బాధయు లేదు. కాని థోరియము రేడియోధార్మిక పదార్థము. అది కాలేయములో నిలిచిపోయి జీవితాంతము కిరణములను విడుచుచు, ఏండ్ల తరువాత క్యాన్సరును పుట్టించినది. 1950 దశకము నాటికి దానిని మానివేసినారు. స్పష్టమైన చిత్రము వేరు, క్షేమమైన చిత్రము వేరు అని వైద్యులు అప్పుడు నేర్చుకొన్నారు.

1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ మెడ కోయనవసరము లేకుండ సూది, సన్నని తీగ, గొట్టముల సహాయముతో ధమనిలోనికి పోవు పద్ధతిని ప్రకటించినాడు. మన దక్షిణదేశమున 1949లో రాయవేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాలలో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి మెదడు శస్త్రచికిత్సకు నాంది పలికినారు. రాయలసీమవారు పెద్ద జబ్బు వచ్చినచో "రాయవేలూరు పోవలెను" అనుకొనుట నాటినుండి నేటివరకును ఉన్నదే.

సూక్ష్మదర్శినిలో సన్నకొమ్మలు

యాంజియోగ్రామ్ అను ఈ చిత్రము పెద్ద ధమనులను చూపినది. వెండ్రుకలవంటి కొమ్మలను చూపలేదు. వాని సంగతి తేల్చినవాడు కెనడాలో పుట్టి అమెరికాలోని బోస్టనులో పనిచేసిన మిల్లర్ ఫిషర్. 1951లో ఆయన మెడలోని కంఠధమని మూసుకొనుటయే పెక్కు పక్షవాతములకు కారణమని వ్రాసి పేరు పొందినాడు. 1965లో ఆయన 1042 మెదళ్లను పరిశీలించి, 114 మెదళ్లలో లోతుగా చిన్న చిన్న గుంటలు ఉన్నట్లు ప్రకటించినాడు. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యులు వీనిని "లాక్యూన్" అని పిలిచియుండిరి. గుంట ఒక మిల్లీమీటరునుండి ఒకటి రెండు సెంటీమీటర్ల లోపు ఉండును. అంత చిన్న గుంట అయినను, అది పడినచోటునుబట్టి చేయి, కాలు పూర్తిగా పడిపోవచ్చును.

ఆ గుంటకు దారితీసిన సన్నధమనిని ఫిషర్ కాగితమువంటి పలుచని ముక్కలుగా కోసి, ఒకదాని తరువాత ఒకటిగా సూక్ష్మదర్శినిలో చూచినాడు. కొన్నింటిలో రక్తపు పోటువలన సన్నధమని గోడయే దళసరియై చెడిపోయినది. మరికొన్నింటిలో సన్నకొమ్మ పుట్టుచోట, దాని మూతివద్దనే మేట ఉన్నది. 1989లో అమెరికా వైద్యుడు లూయీ కాప్లన్ ఈ రెండవ విధమును మరల ఎత్తిచూపినాడు. తల్లిధమని గోడలోని మేట దారిని అంతగా ఇరుకు చేయకయే కొమ్మ మూతిని మూయగలదు. మన చీనీ తోటలోని మూడవ విధము ఇదియే. గొట్టము చివర నీరు బాగుగా పారుచున్నది. ఒక్క చెట్టు మాత్రము ఎండినది.

నెత్తురు కాదు, గోడ

1971 అక్టోబరు 1న లండను సమీపమున ఆట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రముతో మొదటి రోగి తలను చిత్రించినారు. దీనితో పక్షవాతము నెత్తురు కారుటవలన వచ్చినదా, నెత్తురు అందకపోవుటవలన వచ్చినదా అని నిమిషములలో తెలిసికొనుట సాధ్యమైనది. ఈ రెండింటికి చికిత్స ఒకదానికొకటి విరుద్ధము. పైలక్షణములు చూచి వీనిని నమ్మకముగా వేరుచేయుట ఎంతటి వైద్యునికైనను అలవి కాదు. 1973లో అమెరికాలో పాల్ లాటర్‌బర్ అయస్కాంత చిత్రణమునకు దారి చూపినాడు. ఇదే నేటి ఎం.ఆర్.ఐ. ఇందులో ఎక్స్ కిరణములు లేవు. శరీరములోని నీటియందున్న హైడ్రోజన్ కేంద్రకములు బలమైన అయస్కాంతములో రేడియో తరంగములకు ఇచ్చు జవాబే చిత్రమగును. వాడుకలోనున్న 3 టెస్లాల యంత్రపు బలము భూమి అయస్కాంతబలమునకు సుమారు 60,000 రెట్లు.

అయినను 1980, 1990 దశకములలో ఎం.ఆర్.ఐ., సి.టి. చూపిన యాంజియోగ్రాములు గూడ మోనిజ్ చూచినదానినే మరింత సులభముగా చూపినవి: నెత్తురు పారు దారిని. దారి ఇరుకుగా నున్నచోట మేట ఉన్నదని ఊహించుకొనవలసినదే. ఈ ఊహ ఎంత బలహీనమో 1987లో షికాగోలో సీమోర్ గ్లాగోవ్ గుండె ధమనులలో నిరూపించినాడు. మేట పెరుగుచున్నపుడు ధమని తానే బయటికి ఉబ్బి దారిని కాపాడుకొనును. మేట సుమారు 40 వంతుల చోటును ఆక్రమించువరకు దారి ఇరుకు కాకపోవచ్చును. అనగా యాంజియోగ్రామ్ "బాగున్నది" అని చెప్పిన ధమనిలో గూడ జబ్బు దాగియుండవచ్చును.

దీనికి విరుగుడు యుక్తితో దొరికినది. పారు నెత్తురునుండి వచ్చు సంకేతమును అణచివేసినచో నెత్తురు నల్లగా కనబడును. అపుడు దాని చుట్టునున్న గోడ తెల్లగా తేలును. ఈ "నల్లనెత్తురు" పద్ధతి మొదట మెడలోని లావైన ధమనులకు వచ్చినది. మెదడు ధమని గోడ అర మిల్లీమీటరుకంటె పలుచన కనుక అక్కడకు చేరుటకు మరికొన్ని ఏండ్లు పట్టినది. 2006లో పారిసు వైద్యులు బ్రతికియున్న రోగుల మధ్య మస్తిష్క ధమనిలోని మేటను చిత్రించి ప్రకటించినారు. గడోలినియము అను లోహపు మందు ఎక్కించినపుడు రగులుచున్న మేట మెరయును. చల్లారిన మేట అంతగా మెరయదు. మేట గోడకు ఒక ప్రక్కనే ఉండును. వాపుజబ్బు గోడను చుట్టును దళసరి చేయును. ఈ విధముగా జబ్బును జబ్బునుండి వేరుచేయుట సాధ్యమైనది. 2017లో అమెరికా నాడీచిత్రణ వైద్యసంఘము ఈ పరీక్షను ఎప్పుడు, ఎట్లు చేయవలెనో సలహాలను వెలువరించినది.

హైదరాబాదు చెప్పిన పాఠము

ఈ కథలో మన వంతు ఏమి? నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలై తరువాత పెద్ద వైద్యసంస్థగా ఎదిగిన హైదరాబాదులోని నిమ్స్‌కు తొలి సంచాలకులలో ప్రసిద్ధుడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు. ఆయన 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖపట్టణములో చదివి, అమెరికాలో పేరుపొందిన కిరణచిత్రణ వైద్యుడు. 2021లో కీర్తిశేషుడైనాడు. అదే సంస్థలో నాడీవైద్యుడు డాక్టర్ సుభాష్ కౌల్, ఆయన సహచరులు పక్షవాతపు రోగుల పట్టికను ఒకదానిని ఉంచి, దాని ఫలితములను 2002లో ప్రకటించినారు.

అంతవరకు పాఠ్యగ్రంథములు పాశ్చాత్య రోగులనుబట్టి వ్రాసినవి. వానిలో ప్రధానముగా చెప్పబడినది మెడలోని కంఠధమని. హైదరాబాదు పట్టికలో నెత్తురు అందక పక్షవాతము వచ్చిన 392 మందిలో సుమారు 41 శాతమునకు కారణము పెద్ద ధమనులలోని మేట. సుమారు 18 శాతమునకు సన్నకొమ్మల జబ్బు. ఆ పెద్ద ధమనుల జబ్బులో గూడ మెడలోకంటె పుర్రెలోపలి ధమనులలోనే మేట ఎక్కువగా కనబడినది. హాంకాంగు మొదలగు ఆసియా నగరముల వైద్యులును ఇదే చెప్పుచుండిరి. కనుక మెడను మాత్రము చూచి "ఏమీ లేదు" అని చెప్పినచో, మనవారిలో పలువురి జబ్బును చూడనట్లే. పుర్రెలోపలి గోడను చూచు నేర్పు మనకు అందరికంటె ఎక్కువ అవసరము.

చూచిన తరువాత చేయవలసినది

ఇరుకైన దారి కనబడగానే దానిని విప్పివేయవలెనని తోచుట సహజము. గుండె ధమనులకు వలె మెదడు ధమనులకును లోహపు జాలిగొట్టమును అమర్చి చూచినారు. అమెరికాలో 451 మంది రోగులపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితములు 2011లో వచ్చినవి. జాలిగొట్టము అమర్చినవారిలో 30 దినములలోపల 14.7 శాతమునకు మరల పక్షవాతమో మరణమో కలిగినది. మందులతో, రక్తపు పోటును, కొవ్వును గట్టిగా అదుపులో ఉంచినవారిలో అది 5.8 శాతమే. జాలిగొట్టము లోపల నిలుపునపుడు మేట నలిగి, ప్రక్కనున్న సన్నకొమ్మల మూతులు మూసుకొనుట ఇందుకు ఒక కారణము. దారిని మాత్రము చూచిన కన్నునకు జాలిగొట్టము మంచిదిగా తోచినది. గోడను ఎరిగినవారికి కారణము అర్థమైనది.

పల్లెలలో నేటికిని పక్షవాతమునకు పావురము నెత్తురు పూయుదురు. నాటుమందునకై ఊరూరు తిరుగుదురు. నెత్తురు చర్మముమీద పూసినందున పుర్రెలోని గోడలో మేట కరగదు. గడ్డను కరిగించు మందును జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలెను. అదియు సి.టి. తీసి, నెత్తురు కారలేదని రూఢి చేసికొనిన తరువాతనే. పెద్ద ధమని మూసుకొన్నచో గడ్డను గొట్టముతో లాగివేయు చికిత్స మేలని 2015లో రుజువైనది. ఏరిన కొందరిలో 24 గంటలవరకు అది పనికివచ్చును. సింహాద్రిపురమునుండి బయలుదేరిన రోగికి పులివెందుల, కడప దారిలో గడచు ప్రతి నిమిషమును ఈ లెక్కలోనిదే. నోరు వంకరపోవుట, చేయి వ్రాలుట, మాట తడబడుట, వీనిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను 2005 నుండి మన రాష్ట్రమున నడచుచున్న 108 బండిని పిలువవలెనని బడిలో పిల్లలకు నేర్పినచో, ఆ పిల్లలే ఇంట పెద్దలను కాపాడగలరు.

ఇక సన్నకొమ్మల సంగతి. 2008లో కొరియా దేశములో 7 టెస్లాల యంత్రముతో ఆ వెండ్రుక ధమనులలో నెత్తురు పారు దారిని బ్రతికియున్నవారిలో చిత్రించినారు. వాని గోడను మాత్రము ఫిషర్ వలె సూక్ష్మదర్శినిలోనే చూడవలసియున్నది. అక్కడకు చూపు చేరువరకు, ఆ గోడకు జరుగుచున్న హానిని ముందుగా తెలుపు సాధనము ఒకటి ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోను ఉన్నది. అది చేతికి చుట్టి రక్తపు పోటును కొలుచు పట్టీ.